డబ్బా మీరే ఉంచుకోండి

మా అమ్మ సముద్రం చూడకుండానే పోయింది. చీరాలలో పొగాకు కంపెనీలో ఇరవై రెండేళ్ళు ఆకు గ్రేడింగు చేసింది. అక్కణ్ణించి వాడరేవు పట్టుమని పది కిలోమీటర్లు లేదు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి, గంజి తాగి, పల్లె ఆడాళ్ళందరితో కలిసి లారీ ఎక్కేది. చీకటి పడ్డాక దిగేది. ఒళ్ళంతా పొగాకు ఘాటు. రాత్రి పక్కలో చేరితే నాకు తుమ్ములొచ్చేవి. "సాయంకాలమైతే ఉప్పుగాలి కొడతదే, ఆకు మెత్తబడిపోద్ది" అని చెప్పేది. సముద్రం గురించి మా అమ్మకి తెలిసింది అంతవరకే.

1985 జులైలో నాకు పదిహేనేళ్ళు. పదిహేడో తారీకున కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు పడి ఆరుగుర్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు మొదలైంది అది. మిగిలినవాళ్ళు చేలకడ్డంపడి చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఇదంతా మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పేది చాలా చిన్న సంగతి. మా పల్లె పర్చూరు పక్కన. ఇంటికి మానెడు చొప్పున బియ్యం పోగేసి, మూట అమ్మ నెత్తికెత్తి, తోడుగా నన్నిచ్చి చీరాల శిబిరానికి పంపారు. బియ్యం ఇచ్చేసి రోడ్డెక్కాం. వాడరేవు పోయే రిక్షావాడు జనాన్ని పిలుస్తున్నాడు. నాకు బుద్ధి లేదు. "అమ్మా, సముద్రం దగ్గిరేనంట, చూసొద్దామే" అన్నాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "సముద్రం చూసే మొహాలంటే మనవి?" అంది. అంతే. కొట్టినా బాగుండేది. ఆ మాట ముప్పై తొమ్మిదేళ్ళు నాతో ఉంది.

మావాళ్ళు ప్రయాణాలు చెయ్యలేదని కాదు. మేం తిరిగినంత ఎవరు తిరిగారు? కోతలకి పోయాం, మిరపకాయలు కొయ్యడానికి పిల్లల్ని చంకనేసుకుని లారీల్లో పోయాం. పెద్దాసుపత్రికి పోయాం. వాయిదాలకి కోర్టుకి పోయాం. సువార్త కూటాలకి పోయాం. దండోరా కాలంలో ఎన్ని వందల మైళ్ళు నడిచామో లెక్కలేదు. ఊరొదిలి పారిపోయిన ప్రయాణాలు సరేసరి. ఒట్టినే చూడ్డానికని మాత్రం ఎవరూ పోలేదు. నేను కూడా ఒకసారి విశాఖలో నర్సుల యూనియన్ మీటింగుకి పోయినప్పుడు బస్సు కిటికీలోంచి సముద్రాన్ని చూశాను. అది కనపడ్డం. చూడ్డానికి పోవడం వేరు.

మా ఆయనది మానుకోట పక్క పల్లె. సోషల్ మాస్టారు. ఆయన నన్ను సిస్టరమ్మ అంటాడు, నేనాయన్ని సారు అంటాను. ఖమ్మంలో నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, ఇంకా ఉద్యోగం ఉంది. సారు 2023లో రిటైరయ్యాడు. కారంచేడు శిబిరానికి ఆయన వరంగల్లు నించి విద్యార్థుల గుంపుతో వచ్చాడంట, అప్పుడు మాకు ఒకరి మొహం ఒకరికి తెలీదు. రిటైరయ్యాక ఒకరోజు అన్నాడు, "ఇన్నేండ్లు నిన్ను మీటింగులకే తిప్పిన. సముద్రం చూపిస్త పా" అని. 2024 సంక్రాంతి వెళ్ళిన వారానికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. మావాడు కొనిచ్చిన పాత ఆల్టో కారు. బందరు నించి ఒంగోలు దాకా సముద్రం వెంబడి 216వ నంబరు జాతీయ రహదారి మీద పోవాలని ప్లాను.

బయల్దేరేముందు కారు వెనకద్దం మీద స్టిక్కరు చూశాను. నీలం రంగులో బాబాసాహెబ్ బొమ్మ, కింద జైభీమ్. మావాడు అంటించాడు. "ఊరుగాని ఊరు, నాలుగు రోజులకి తీసేద్దామా?" అన్నాను. సారు నా వైపు చూసి, బకెట్టూ గుడ్డా తెచ్చి, స్టిక్కరు ఇంకా బాగా కనపడేట్టు అద్దం తుడిచాడు. జవాబు అదే.

రాత్రికి బందరు చేరి లాడ్జీలో ఉన్నాం. మంగినపూడి పోదామంటే తెల్లారి ఒకటే మంచు, ఏం కనపడదన్నారు. సరేనని ముందుకే పోయాం. చల్లపల్లి, మోపిదేవి దాటి దివిసీమలో పోతుంటే మంచు విడిపోయి రెండు పక్కలా కోతలైన మళ్ళు, మళ్ళల్లో మినప. సారుకి పాఠం చెప్పే అలవాటు పోలేదు. 1977 నవంబరు 19న ఇక్కడే ఉప్పెన పడింది, పదివేల మందికి పైగా పోయారు అని మొదలుపెట్టాడు. తాటాకు పాకల్లో ఉన్నవాళ్ళు పోయారు, మేడల్లో ఉన్నవాళ్ళు పైకెక్కారు అన్నాడు. సముద్రం కూడా కొందరి దగ్గరికి తనే నడిచొస్తుంది. నేను, "సారూ, ఇవ్వాళ ఒక్కరోజు చావుల లెక్క వద్దు" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వారధి ఎక్కి పెనుమూడి వైపు దిగాం. కారాపి కిందకి చూశాం. నది ఇక్కడికొచ్చేసరికి అలసిపోయినట్టు వెడల్పుగా పడుకునుంది. రేపల్లెలో ఇడ్లీ తిన్నాం. అక్కడ మళ్ళీ గొడవ. "చుండూరు ఇంత దగ్గరున్నది. రక్తక్షేత్రం కాడికి పోయి దండం పెట్టుకోని పోదాం" అన్నాడు. నేను కుదరదన్నాను. చుండూరు అంటే నాకు గౌరవం లేక కాదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పారేసిన ఊరు. సినిమాకి పోయిన మన పిల్లాడి కాలు ముందు సీట్లో వాడికి తగిలిందనే కదా అంతకుముందు నెలలో పగ రాజుకుంది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఊరి మధ్యన ఆ సమాధుల దగ్గరికి నేను మూడుసార్లు పోయాను, పూలు పెట్టాను. ఈసారి మాత్రం సముద్రానికని బయల్దేరాను. "సినిమా చూడ్డానికి పోయిన పిల్లాడి సంగతే కదా అది. నన్ను సముద్రం చూడనీ సారూ" అన్నాను. ఇంక మాట్లాడలేదు.

మాట్లాడలేదన్నానా, పది నిమిషాలే. చెరుకుపల్లి దాటాక మళ్ళీ మొదలు. "2022 ఏప్రిల్ల బాపట్ల జిల్లా చేసిండ్రు గదా. ప్రకాశం నించి కారంచేడు వచ్చె, గుంటూరు నించి చుండూరు వచ్చె. రెండూ ఒకే జిల్లాల పడ్డయి. టూరిజమోళ్ళు బోర్డు మీద ఏం రాస్తరు? సూర్యలంక ఒక్కటే రాస్తరు." నిజమే, బోర్డుల మీద సూర్యలంకే ఉంది. బాపట్ల వచ్చాక 1913లో మొదటి ఆంధ్ర మహాసభ ఇక్కడే జరిగిందని, నాలుగేళ్ళకి 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్ళు కూడి పంచములం కాదు ఆది ఆంధ్రులం అన్నారని చెప్పాడు. రెండో సభ గురించి చెప్పేటప్పుడు గొంతు మారుద్ది ఆయనకి. నేను ఊ కొడుతున్నాను గానీ నా చెవులన్నీ సముద్రం మీదే ఉన్నయి. సరుగుడు తోటలు మొదలైనయి. తోటల వెనక ఎక్కడో లారీ పోతున్నట్టు ఆగకుండా ఒక మోత. లారీ కాదు.

సూర్యలంకలో దిగాక నేను చేసిన మొదటి పని చెప్తాను, మీరు నవ్వుకోండి. పండగ సెలవుల జనం ఇంకా ఉన్నారు. జనమంతా దారికెదురుగా నీళ్ళల్లో ఉన్నారు. నేను వాళ్ళని చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని, దక్షిణం వైపు ఇసకలో నడుచుకుంటా పోతున్నాను. సారు వెనక నించి, "ఏడికి పోతున్నవ్?" అన్నాడు. ఏడికి పోతున్నానో నాకూ తెలీదు. మనుషులు తగ్గిన చోటికి. ఆగి ఆలోచిస్తే అర్థమైంది, నేను మా రేవు వెతుక్కుంటున్నాను. మా ఊళ్ళో చెరువుకి పైరేవు ఊరోళ్ళది, దిగువన బర్రెలు దిగే చోటు దాటాక మాది. యాభై మూడేళ్ళ మనిషిని, ఇంజెక్షన్లు చేసే చేతులు, అన్ని కులాల బిడ్డల్నీ పురుళ్ళప్పుడు మొదట పట్టుకున్న చేతులు. నీళ్ళు కనపడేసరికి కాళ్ళు వాటంతటవే దిగువకి నడిచినయి. సారుకి చెప్తే, "సముద్రానికి దిగువ ఉంటదా సిస్టరమ్మా?" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని జనం మధ్యకి తీసుకుపోయాడు.

నీళ్ళల్లో దిగాను. మోకాళ్ళ దాకా. కాళ్ళ కింద ఇసక జారిపోతుంటే భూమే పోతున్నట్టుంది. పెద్ద అల వచ్చింది, నేను కూలబడబోతే పక్కనున్నామె నా జబ్బ పట్టుకుంది. నా ఈడుదే. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపింది. మళ్ళీ అల వస్తే ఆమె పడబోయింది, నేను పట్టుకున్నాను. ఇంక ఇద్దరం చేతులు వదల్లేదు. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లల్లా అరవడం. "గట్టిగా పట్టుకోండి వదినగారూ!" అని ఆమె, "మీరే గట్టిగా పట్టుకోండి వదినగారూ!" అని నేను. ఉప్పునీళ్ళు మింగాం. నేనట్టా నవ్వి ఎన్నేళ్ళయిందో.

ఒడ్డుకొచ్చాక వాళ్ళ దుప్పటి మీదే కూచోమంది. వాళ్ళాయనా కొడుకూ కోడలూ మొక్కజొన్న పొత్తులు కొనడానికి పోయారు. మా సారు టీకి పోయాడు. పిల్లల గురించి చెప్పుకున్నాం, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకున్నాం, నేను నర్సునంటే తన బీపీ బిళ్ళ పేరు చెప్పి మంచిదేనా అని అడిగింది. పులిహోర పెట్టింది. తిన్నాను. తినేటప్పుడు అడిగింది, చాలా మామూలుగా, ఇంకొంచెం వెయ్యనా అని అడిగినట్టే.

"మీరేమిట్లు వదినగారూ?"

"కాపులమండీ" అన్నాను.

నేను చెప్పానో, నా నోరు చెప్పిందో. ఖమ్మంలో ఇల్లు అద్దెకడిగినప్పుడు మూడు ఇళ్ళు పోయినా అబద్ధం ఆడలేదు. ఆసుపత్రిలో తోటి నర్సు నా గ్లాసు విడిగా పెడితే వార్డు మధ్యలో నిలబెట్టి అడిగినదాన్ని. వేదికలెక్కి మాదిగబిడ్డనని చెప్పుకున్నదాన్ని. సముద్రం ఒడ్డున, చేతిలో పులిహోర, ఒళ్ళంతా ఇసక, నా మాట నాకే వినపడింది. తలెత్తితే సారు రెండు టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. విన్నాడు. టీ నా చేతికిచ్చి, ఆమెకి నమస్కారం పెట్టి, సముద్రం వైపు తిరిగి నించున్నాడు.

ఇంకో అరగంట ఉన్నాం. అబద్ధం ఆడాక కూడా ఆ అరగంట బాగానే ఉంది, అది కూడా చెప్పాలి. లేచేటప్పుడు ఆమె, "ఉండండి, పండక్కి చేసినయి ఉన్నయి, మీ కారెక్కడ?" అంది. ఆమె వాళ్ళ కారు డిక్కీ తీసి స్టీలు డబ్బా పట్టుకుని, నవ్వుకుంటా మా ఆల్టో దగ్గరికొచ్చింది. నిండా అరిసెలు. "వేరే గిన్నెలోకి తీసుకోండి, డబ్బా నాకిచ్చేద్దురుగాని" అంటా వెనక నించి చుట్టి వస్తోంది. అద్దం దగ్గర ఆగింది. సారు బకెట్టూ గుడ్డా పెట్టి తుడిచిన అద్దం.

ఆమె మొహంలో కోపం లేదు. అసహ్యం కూడా లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. నేను అప్పటికే టిఫిను గిన్నె తెరిచి చేత్తో పట్టుకునున్నాను.

"డబ్బా మీరే ఉంచుకోండి" అంది.

"వద్దండీ, గిన్నెలోకి వొంపుకుంటా..."

"పర్లేదమ్మా, ఉంచుకో" అని డబ్బా కారు ముందు రేకు మీద పెట్టి వెళ్ళిపోయింది. వదినగారు పోయి అమ్మా వచ్చింది. మీరు పోయి నువ్వొచ్చింది. ఆ మాటల తేడా ఎవరికి తెలియకపోయినా మనకి తెలుసు.

లేదూ, నేనే ఎక్కువ ఊహించానా? వయసులో పెద్దదాన్నని చనువుగా అందా? ఇంత దూరం నించి వచ్చారు, డబ్బాతో పాటు తీసుకుపోనీలే అనుకుందా? ఎన్నిసార్లు తిప్పితిప్పి చూసుకున్నానో. చిన్నప్పుడైతే ఈ ఊహలు ఉండేవి కావు. ఆసాముల ఇళ్ళల్లో మా అమ్మకి దోసిట్లో పోసేవాళ్ళు, కొంగులో వేసేవాళ్ళు, గిన్నె మాట వచ్చేదే కాదు. ఇప్పుడు ఇట్టా డబ్బా ఇచ్చేస్తారు, తేల్చుకోవడం మనకొదిలేస్తారు.

కారు బయల్దేరింది. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. సరుగుడు తోటల్లో ఒక పక్కన ఆపి సారు అన్నాడు, "మనం కాపులెప్పుడయినం? నాకు చెప్పనే లేదు." నవ్వించడానికే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడవనిచ్చి, తర్వాత ఒక సంగతి చెప్పాడు. 1991లో చుండూరు సంగతి తెలిసి వరంగల్లు నించి వస్తుంటే, తెనాలి బస్సులో పక్కనున్న పెద్దమనిషి ఇట్టాగే అడిగాడంట. ఈయన వేరే కులం పేరు చెప్పాడంట. ఆ బస్సులోంచి దిగి నేరుగా సభకి పోయి అరగంట మాట్లాడాడంట.

"ఇన్ని మీటింగుల్లో ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాను.

"చెప్పలే. నాది భయం. ఆ దినాల్ల ఎవరికైనా భయమే. నీది భయం గాదు గద?"

కాదు. అదే నన్ను ఈ రోజుకీ తినేస్తోంది. ఆమె నన్నేం చేసేది? కొడతదా, వెళ్ళగొడతదా? నాకు ఆమె నచ్చింది. ఆ చెయ్యి పట్టుకోవడం నచ్చింది. ఇంకాసేపు వదినగారూ అనిపించుకోవాలని ఆశపడ్డాను. ఆశ కోసం ఆడిన అబద్ధం అది. భయానికి చట్టముంది, 1989లో మన రక్తంతో వచ్చిన చట్టం. ఈ ఆశకి ఏ సెక్షను కింద కేసు పెట్టాలి, ఎవరి మీద పెట్టాలి?

చీరాల చేరేసరికి మూడు దాటింది. చీరాల అనగానే సారుకి చీరాల పేరాల ఉద్యమం. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో జనం ఊరొదిలి రామనగరం పేరుతో పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలున్న కథ. ముప్పై మూడేళ్ళు ఆ పాఠం చెప్పాడు. "ఊరిడిచిపోతే పాఠమయింది. 1985ల ఊరిడిచి ఇదే చీరాలకొచ్చినోళ్ళది నా సర్వీసుల ఏ పాఠంల రాలే. నేనే పాఠమైనంక పది నిమిషాలు కలిపి చెప్పెటోన్ని" అన్నాడు. ఆ కలిపిన పది నిమిషాలకి ఒకసారి మెమో కూడా అందుకున్నాడు.

విజయనగర్ కాలనీకి పోదామని ఈసారి నేనే అన్నాను. కారంచేడు నించి వచ్చినవాళ్ళు ఉండిపోయిన కాలనీ అది. సారుకి శిబిరంలో అన్నం వండిపెట్టిన ఒక పెద్దమ్మ అక్కడుంది. డెబ్భై అయిదు దాటి ఉంటయి. కళ్ళు ఆనడం లేదు గానీ గొంతు పట్టి గుర్తుపట్టింది. "వరంగల్లు పిల్లోడివా? జుట్టేదిరా?" అంది. మంచినీళ్ళిచ్చింది. నేను అరిసెల డబ్బా తీశాను. ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "పాకం ముదిరింది. ఎవురు చేశారు?" అంది.

"దారిలో ఒకామె ఇచ్చింది పెద్దమ్మా."

"ఎవురామె?"

ఏం చెప్పను? "సముద్రం దగ్గర" అన్నాను.

"సముద్రం చూడ్డానికి పోయారా? ముప్పై ఎనిమిదేళ్ళయింది నేనీడకొచ్చి, రెండే రెండుసార్లు పొయ్యా. ఒకసారి బూడిద కలపను పొయ్యా" అంది. ఎవరి బూడిదో మేం అడగలేదు.

సారు లేచాడు. "పా పెద్దమ్మా, కారుల జాగున్నది." ఆమె ఇప్పుడా అనలేదు, మన మొహాలకా అనలేదు. "ఆగు, మంచి కోక కట్టుకొస్తా" అని లోపలికి పోయింది. నేను గోడ వైపు తిరిగి నించున్నాను. మా అమ్మ ఆ మాట అనుంటే ఎట్టా ఉండేదో.

వాడరేవు సూర్యలంకలా కాదు. పడవలు, వలలు, ఎండుచేపల వాసన. పొద్దు మా వెనకాల ఊళ్ళ వైపు దిగుతోంది, ముందర నీళ్ళు నల్లబడుతున్నయి. ముగ్గురం పడవ నీడలో కూచుని అరిసెలన్నీ తిన్నాం. పాకం ముదిరిందంటానే పెద్దమ్మ నాలుగు తింది. సారు పాఠం ఏమీ చెప్పలేదు. తర్వాత ఆమె ఖాళీ డబ్బా తీసుకుని, ఎవర్నీ పట్టుకోకుండా అంచు దాకా పోయి, ఇసకతో రుద్ది, వచ్చిన అలలో ముంచి కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది.

"ఇందమ్మే, నీ డబ్బా" అంది.

ఆమెని కాలనీలో దింపి ఒంగోలు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. డబ్బా ఇప్పుడు మా వంటింట్లో ఉంది. అడుగున చుక్కలతో ఇంటిపేరూ పేరూ కొట్టించి ఉన్నయి, ఆ పేరు ఇక్కడ రాయను. ఎండుమిరపకాయలు పోశాను. ఆ ఇసకతో రుద్దినప్పుడు అంచు గీసుకుపోయినట్టుంది, మూత సరిగ్గా పట్టదు.